చదివిపెట్టేవాళ్ళు

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో ఒక గంట చదువు గంట. పిల్లల చదువు కాదు, మా అత్తయ్యగారి చదువు. వంటిల్లు సర్దుకుని, చేతులు తుడుచుకుంటూ ఆవిడ గదిలోకి వెళ్ళి మంచం పక్కకి కుర్చీ లాక్కుంటే చాలు, "ఆఁ, ఎక్కడిదాకా వచ్చాం?" అనేవారు.

అత్తయ్యగారికి డెబ్భై ఆరేళ్ళు. చదివింది ఎనిమిదో తరగతి వరకే. కానీ వారపత్రికల్లో సీరియళ్ళు చింపి, దారంతో కుట్టి, అట్టలు వేసి దాచుకున్న మనిషి. యద్దనపూడి సులోచనారాణి నవలలు, రంగనాయకమ్మ నవలలు ఆవిడ ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద ఉండేవి. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, "బీయే తెలుగు చదివిన కోడలు వచ్చింది, ఇక నాకు జోడీ దొరికింది" అని పక్కింటివాళ్ళతో చెప్పుకున్నారట.

మూడేళ్ళ క్రితం ఒకరోజు కాలెండరు చూస్తూ, "ఈ అంకెల మధ్య సిరా ఒలికిందేమిటే?" అన్నారు. సిరా కాలెండరు మీద కాదు, ఆవిడ కంట్లో ఉంది. రెటీనా మధ్యలో ఉండే మాక్యులా అనే భాగం దెబ్బతిందన్నారు. పక్కలనుంచి కనిపిస్తుంది, సూటిగా చూసిన చోట మాత్రం మచ్చ. గుమ్మం తెలుస్తుంది, గుమ్మంలో మనిషి ఉన్నారని తెలుస్తుంది, ఆ మనిషి మొహం తెలియదు. కంట్లో ఇంజెక్షన్లు ఇప్పించాం. ఉన్న చూపు నిలబడింది గానీ అక్షరం మాత్రం పోయింది.

అప్పటినుంచి ఆవిడకి కళ్ళు నేనే అయ్యాను. నవలలు, పేపరు, మందుల చీటీ, పెళ్ళి శుభలేఖలు, ఫోనుకి వచ్చే మెసేజ్‌లు, అన్నీ నేనే చదివిపెట్టేదాన్ని. చుట్టాలందరూ మెచ్చుకునేవారు. నాకూ లోపల కాస్త గర్వంగానే ఉండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. ఎమ్‌టెక్ ఆఖరి ఏడాది. దాని ప్రాజెక్టు, రాసిన తెలుగుని కంప్యూటరు పైకి చదవడం. వచ్చిన మర్నాడే భోగి పిడకల వాసన ఇంకా వదలకముందే లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మా, నువ్వు తెలుగు బీయేవి కదా, నా పరీక్షకి కూర్చో" అంది.

పరీక్ష అంటే ఇదీ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కో వాక్యం వినాలి. మనిషి మాట్లాడినంత సహజంగా ఉంటే అయిదు, అస్సలు లేకపోతే ఒకటి, ఇలా మార్కులు వెయ్యాలి. ఇలా చాలామందిచేత వేయించి సగటు తీస్తారట. కోట్ల రూపాయల పరిశోధనైనా ఆఖరికి మనలాంటివాళ్ళ చెవి దగ్గరకే వచ్చి ఆగుతుందని తెలిసి నాకు భలే సంతోషం వేసింది.

రెండో పరీక్ష ఇంకా తమాషాగా ఉంది. "కొబ్బరికాయ నిన్న రైలుని ఉతికింది" లాంటి అర్థంలేని వాక్యాలు వినిపించి, విన్నది విన్నట్టు రాయమంటారు. "ఇదేం వాక్యమే?" అన్నాను. "అర్థం ఉన్న వాక్యమైతే నువ్వు ఊహించేస్తావమ్మా. మాట సరిగ్గా వినపడకపోయినా నీ మనసు పూరించుకుంటుంది. నువ్వు ఊహించకుండా విన్నావో లేదో తెలియాలంటే ఇలాంటివే ఇవ్వాలి" అంది. ఆ మాట అప్పుడు నవ్వుకుని వదిలేశాను. తరవాత బాగా గుర్తొచ్చింది.

మార్కులు వేస్తూ నేను ఊరుకోలేదు లెండి. "నీ కంప్యూటరుకి చాప అనడం రాదే" అన్నాను. మనం చాప, చలి, చుక్క అనేటప్పుడు నాలుక పళ్ళ వెనక తగులుతుంది. చీర, చెట్టు, చిలక అనేటప్పుడు కాస్త పైన అంగిలికి తగులుతుంది. పాత పుస్తకాల్లో మొదటిదానికి చ మీద రెండంకె లాంటి చిన్న గుర్తు పెట్టేవారు, దంత్య చకారం అని. జకి కూడా అంతే. జడ వేరు, జలం వేరు. ఇప్పుడు ఆ గుర్తులు ఎవరూ రాయరు. మనకి తల్లి ఒళ్ళోనే వచ్చేస్తుంది కాబట్టి గుర్తుతో పనిలేదు. పాపం ఆ కంప్యూటరుకి తల్లి లేదు కదా! చాపని చీరలాగే పలికింది. మా అమ్మాయి గబగబా నోట్సు రాసుకుంది. ఇరవై ఏళ్ళ తరవాత నా బీయే ఒకరికి పనికొచ్చింది.

తెలుగు రాసినట్టే పలుకుతాం కదా, దీనికంత కష్టం ఏముంది అనుకునేదాన్ని. అక్షరాలు కాదట కష్టం, అక్షరాలు కానివి. "రూ." అని ఉంటే రూపాయలు అనాలి. "కి.మీ." అంటే కిలోమీటర్లు అనాలి. ఫోను నంబరుని ఒక్కో అంకె చదవాలి గానీ తొమ్మిది వందల ఎనభై కోట్లు అనకూడదు. మందుల చీటీ మీద 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని మనకి తెలుసు. దానికి ఎవరైనా నేర్పితేనే తెలుస్తుంది.

ఆ రాత్రి పక్కలు వేసుకుని పడుకున్నాక, నానమ్మకి, నాకు మధ్యలో దూరి అది చెప్పిన కబుర్లు మీకూ చెబుతాను.

1939లో న్యూయార్కులో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ వోడర్ అనే యంత్రం మాట్లాడింది. హోమర్ డడ్లీ అనే ఇంజనీరు బెల్ లాబ్స్‌లో తయారుచేశాడు. కానీ దానంతట అది మాట్లాడేది కాదు. ఒక అమ్మాయి ముందు కూర్చుని, పది వేళ్ళతో మీటలు నొక్కుతూ, మణికట్టుతో ఒక పట్టీ నొక్కుతూ, కాలితో స్వరం పెంచుతూ తగ్గిస్తూ వాయిస్తే మాట వచ్చేది. హెలెన్ హార్పర్ అనే ఆవిడ అందులో ఆరితేరి, మిగతా అమ్మాయిలకి కూడా నేర్పించేదట. "అయితే వీణ వాయించినట్టే" అన్నారు అత్తయ్యగారు. అవును, మాటల వీణ. ఒక్క మాట సరిగ్గా పలికించడానికి నెలల తరబడి సాధన చేసేవారట.

రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం, పుస్తకాన్ని చదివిపెట్టే యంత్రం చెయ్యాలని హాస్కిన్స్ అనే పరిశోధనశాలలో మొదలుపెట్టారు. ఒక్కో అక్షరానికి ఒక్కో చప్పుడు పెట్టి, పూసలు గుచ్చినట్టు వరసగా వినిపిస్తే సరిపోతుందనుకున్నారు. ఎంత సాధన చేసినా ఎవరూ వేగంగా వినలేకపోయారు. ఎందుకు అని వెతుక్కుంటూ వెళితే తెలిసింది, మాట పూసల దండ కాదని. "కా" అనబోయేటప్పుడే నోరు "ఆ"కి సిద్ధమైపోతుంది. "కీ" అనబోతే "ఈ"కి సిద్ధమవుతుంది. క ఒక్కటే అయినా రెండుచోట్లా చప్పుడు వేరు. మన గుణింతం పెట్టినవాళ్ళకి ఇది ఎప్పుడో తెలుసేమో అనిపించింది నాకు.

అలా తయారుచేసిన మాటలతోనే పసిపిల్లల రహస్యం ఒకటి బయటపడిందట. 1971లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక నెల, నాలుగు నెలల పాపలకి పాలపీక నోట్లో పెట్టి, యంత్రం చేత "బ" "బ" అనిపించారు. పిల్లలు మొదట హుషారుగా చీకి, విసుగొచ్చి నెమ్మదించారు. అప్పుడు "బ"ని "ప"గా మార్చగానే మళ్ళీ గబగబా చీకారట. అంటే మాటలు రాకముందే తేడా తెలుస్తోందన్నమాట. మనిషి గొంతుతో ఈ పరీక్ష కుదరదు. మనం ఏ రెండుసార్లూ ఒక్కలా పలకం కదా. యంత్రమైతే ఒక్క వెంట్రుకవాసి మార్చి, మిగతాదంతా అలాగే ఉంచగలదు. "నిన్ను ఎత్తుకుని నేను కబుర్లు చెప్తే, ఇంత పిల్లకి ఏం తెలుస్తుంది అనేది మీ అమ్మ" అని అత్తయ్యగారు నా మీద ఒక చురక వేశారు.

డెనిస్ క్లాట్ అని ఎమ్‌ఐటీలో ఒకాయన తన గొంతునే కొలిచి, కంప్యూటరుకి ఒక మగ గొంతు తయారుచేశాడు. భార్య గొంతు నుంచి ఆడ గొంతు, కూతురి గొంతు నుంచి పిల్ల గొంతు. ఆయనకే తరవాత థైరాయిడ్ కాన్సరు వచ్చి గొంతు పోయిందట. 1988లో చనిపోయాడు. ఆయన గొంతులోంచి పుట్టిన ఆ స్వరంతోనే స్టీఫెన్ హాకింగ్ జీవితాంతం మాట్లాడాడు. మంచి గొంతులు తరవాత ఎన్ని వచ్చినా మార్చుకోలేదు, అదే తన గొంతు అన్నాడు. మా అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడకుండా, "ఒకరి గొంతు ఇంకొకరికి ఇచ్చి పోయాడన్నమాట" అన్నారు.

మర్నాడు నానమ్మ ఫోను తీసుకుని మా అమ్మాయి టాక్‌బ్యాక్ పెట్టింది. తెరమీద వేలు పెడితే అక్కడ ఏముందో చదువుతుంది. తెరవాలంటే రెండుసార్లు తట్టాలి. కిందకి జరపాలంటే రెండు వేళ్ళతో జరపాలి. తెలుగు గొంతు దింపి, వేగం తగ్గించి పెట్టింది. మొదటిరోజంతా మా ఇల్లు రేడియో స్టేషనే. "బ్యాటరీ అరవై రెండు శాతం" అని అదంటే, "సరేనమ్మా" అని ఈవిడ జవాబు. రెండోరోజుకి వేళ్ళు కుదిరాయి. డెబ్భై ఆరేళ్ళ మనిషి అంత తొందరగా నేర్చుకుంటారని నేను అనుకోలేదు. నిజం చెప్పాలంటే, నేర్చుకోరేమో అనుకున్నాను. నా కుర్చీ నాకు ఉంటుందనుకున్నాను.

కనుమ నాడు మధ్యాహ్నం గారెలు వేస్తున్నాను. అత్తయ్యగారి గదిలోంచి ఆ ఆడగొంతు వినపడుతోంది. పేర్లు ఒక్కొక్కటే చదువుతోంది. ఆవిడ ఎవరి పేరో వెతుకుతున్నారు. ఒక పేరు దగ్గర ఆగింది. అమలాపురం అక్కయ్యగారి పేరు.

నా చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది.

అమలాపురం అక్కయ్యగారంటే మా అత్తయ్యగారి పిన్ని కూతురు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పక్కమీద పెరిగారు. పెళ్ళిళ్ళయ్యాక యాభై ఏళ్ళు ఉత్తరాలు రాసుకున్నారు. ఆవిడ నిరుడు ఆషాఢంలో పోయారు. వాళ్ళబ్బాయి ఆవిడ ఫోను నుంచే అందరికీ మెసేజ్ పంపాడు. సరిగ్గా ఆ ముందురోజే అత్తయ్యగారికి కంట్లో ఇంజెక్షను అయింది, బీపీ కూడా ఎక్కువగా ఉంది. ఇప్పుడు చెప్పకూడదని నేనే అనుకున్నాను. మావారు బ్యాంకు పని అని చెప్పి అమలాపురం వెళ్ళి చూసొచ్చారు. నాలుగు రోజులు పోయాక చెబుదామనుకున్నాం. నాలుగు రోజులు పది రోజులయ్యాయి. పదోరోజు దాటిపోయాక చెబితే, ముందే ఎందుకు చెప్పలేదంటారు కదా. అలా దాటవేస్తూ దాటవేస్తూ ఆరు నెలలు.

మధ్యలో ఆవిడ మూడు నాలుగుసార్లు అడిగారు. "అక్కయ్య ఏమైనా పెట్టిందేమో చూడవే." నేను ఫోను తీసుకుని, చూసినట్టు చూసి, "ఏం లేదత్తయ్యా, వాళ్ళ ఫోను పాడయిందట" అన్నాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. మావారికి కూడా. దాచడంలో ఆయన కలిశారు గానీ, ఈ అబద్ధం మాత్రం అచ్చంగా నాదే.

పొయ్యి కట్టేసి గుమ్మం దాకా వెళ్ళాను. ఫోను లాక్కోవచ్చు. "అది తప్పు చదువుతోంది, ఇలా ఇవ్వండి" అనొచ్చు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కాళ్ళు మాత్రం కదల్లేదు.

యంత్రం చదవడం మొదలుపెట్టింది. "కీ. శే." అని రెండు ముక్కలుగా అంది. కీర్తిశేషులు అనడం దానికి రాలేదు. అత్తయ్యగారు తల కాస్త వంచి వింటున్నారు. ఆవిడకి అర్థం కాలేదేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఎంత పాడు ఆశో చూడండి. తరవాత అక్కయ్యగారి పేరు చదివింది. తరవాత పెద్దకర్మ అంది. తేదీ చెప్పింది, మధ్యలో గీతని కూడా చదివింది. బ్యాటరీ అరవై రెండు శాతం అని ఏ గొంతుతో చెప్పిందో అదే గొంతు. ఆగలేదు, తగ్గలేదు, గొంతు పూడుకుపోలేదు.

అత్తయ్యగారు మళ్ళీ అదే చోట వేలు పెట్టారు. మళ్ళీ చదివింది. మూడోసారి కూడా. మూడోసారి అయ్యాక, "ఏ నెలే అది?" అన్నారు, తల తిప్పకుండానే. నేను గుమ్మంలో ఉన్నానని ఆవిడకి ముందే తెలుసు.

"ఆషాఢం, అత్తయ్యా."

"ఇప్పుడు పుష్యం."

ఇంకేం అనలేదు. అరిచినా బాగుండేది. ఆ పూట భోజనం చెయ్యలేదు. రాత్రి మా అమ్మాయి పక్కన కూర్చుంటే, దాని చెయ్యి పట్టుకుని అక్కయ్యగారి కబుర్లే చెబుతూ ఉన్నారట. మర్నాడు పొద్దున నేను కాఫీ తీసుకెళ్ళాను. "నీ మీద కోపం లేదమ్మాయ్. నా మంచికే అనుకున్నావు, నాకు తెలుసు. కానీ నేను ఏడవాల్సిన రోజున నాచేత పకోడీలు తినిపించావు" అన్నారు. ఆరోజు ముసురు పట్టిందని నేను నిజంగానే పకోడీలు వేశాను. ఆవిడకి అది కూడా గుర్తుంది.

కాసేపాగి, "నువ్వు చదివితే నువ్వు చూసినవి వింటాను. ఇది చదివితే అక్కడ ఉన్నవి వింటాను" అన్నారు.

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. మూడేళ్ళు నేను చదివిపెట్టాననుకున్నాను. పేపర్లో ప్రమాదాల వార్తలు వదిలేసేదాన్ని, "ఈవిడకెందుకు" అని. నవలలో నాకు విసుగనిపించిన వర్ణనలు దాటించేదాన్ని. నిద్ర వస్తుంటే రెండు పేజీలు ఒకేసారి తిప్పేదాన్ని. మెసేజ్‌లలో మా ఆడపడుచు నా గురించి ఏమైనా పుల్లవిరుపుగా రాస్తే దాన్ని తీపి చేసి చదివేదాన్ని. అన్నీ ఆవిడ మంచికే అనుకున్నాను. లెక్క చూసుకుంటే సగం నా మంచికి. చదువుతున్నది నేను కాబట్టి, ఏది ఉందో ఏది లేదో కూడా నేనే తేలుస్తున్నాను. చూపు పోయింది ఆవిడకి, దాని మీద పెత్తనం వచ్చింది నాకు.

మా అమ్మాయి పరీక్షలో ఆ యంత్రానికి సహజత్వం కింద అయిదుకి మూడు వేశాను. నాకు నేను వేసుకుంటే అయిదుకి అయిదూ వస్తాయి. కానీ రెండో పరీక్ష ఉందే, ఉన్నది ఉన్నట్టు వినిపించిందా అనేది, అందులో నాకెన్ని వస్తాయి?

ముక్కనుమ వెళ్ళాక నలుగురం కారులో అమలాపురం వెళ్ళాం. జొన్నాడ దగ్గర గోదావరి దాటుతుంటే అత్తయ్యగారు అలవాటుగా పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి, కిటికీలోంచి వేయమని నా చేతిలో పెట్టారు. రావులపాలెం, కొత్తపేట దాటాక కొబ్బరితోటల గాలి తగిలేసరికి కళ్ళు మూసుకుని కూర్చున్నారు. అక్కడ ఆ ఇంట్లో, అక్కయ్యగారి పటం ముందు ఆరునెలల ఆలస్యంగా ఏడ్చారు. వాళ్ళ కోడలు బీరువాలోంచి ఒక మూట తెచ్చి ఇచ్చింది. అన్నీ మా అత్తయ్యగారు రాసిన ఉత్తరాలు. తిరిగొచ్చేటప్పుడు ఆ మూట ఒళ్ళోనే పెట్టుకున్నారు.

ఆ ఉత్తరాలు యంత్రం చదవలేదు. అచ్చు అక్షరాలైతే ఫోను కెమెరాతో ఫోటో తీస్తే చాలావరకు చదువుతుంది. ఆవిడ గొలుసుకట్టు రాత, అందులోనూ ఇన్‌లాండు కవరు అంచుల్లో అడ్డంగా రాసిన రాత, దాని వల్ల కాలేదు. "పోనీ నువ్వు చదువు" అన్నారు. తరవాత, "అన్నీ" అన్నారు.

అన్నీ చదువుతున్నాను. వారానికి రెండు మూడు. అందులో కొత్తకోడలిగా వచ్చిన నా గురించి కూడా ఉంది. "పిల్ల మంచిదే గానీ పప్పులో ఉప్పు తెలియదు, చెబితే మొహం ముడుచుకుంటుంది" అని. కళ్ళు తుడుచుకుని, అది కూడా పైకే చదివాను. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

మీ ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్ళు ఉంటే నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, అందులో టాక్‌బ్యాక్. పెట్టగానే తెర తాకే పద్ధతే మారిపోతుంది కాబట్టి, ఆపడం ఎలాగో ముందు మీరు నేర్చుకుని అప్పుడు పెట్టండి. లేకపోతే నాలాగే కంగారు పడతారు. చూపు కొంచెం ఉండి, అక్షరాలు మాత్రమే కష్టమైతే సెలెక్ట్ టు స్పీక్ అనేది తేలిక. మనం తాకిన భాగమే చదువుతుంది. వేగం మొదట తగ్గించి పెట్టండి. అలవాటయ్యాక వాళ్ళే పెంచమంటారు. మావారి బ్యాంకులో చూపు లేని ఉద్యోగి ఒకాయన ఉన్నారు. ఆయన కంప్యూటరు చదివే వేగానికి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆయనకి అది మామూలు మాటట. అన్నిటికంటే ముఖ్యం, ఇయర్‌ఫోన్లు కొనివ్వండి. బ్యాంకు మెసేజ్‌లు, ఓటీపీలు ఊరంతా వినకూడదు కదా.

ఇయర్‌ఫోన్లు ఎందుకు కావాలో నాకు నిజంగా అర్థమైంది మాత్రం మొన్ననే. మధ్యాహ్నం గంట మేం ఇప్పటికీ మానలేదు. నవల నేనే చదువుతాను, వర్ణనలతో సహా. మెసేజ్‌లు ఆవిడే వింటారు. మొన్న నేను పుస్తకం తీసుకుని వెళ్ళేసరికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వుతున్నారు. భుజాలు కదిలిపోతున్నాయి.

"ఏమిటత్తయ్యా అంత నవ్వు?" అన్నాను.

ఒక చెవిది తీసి, "మా మరదలు పెట్టింది" అన్నారు.

"ఏం పెట్టారు?"

"నీకెందుకే!" అని, తీసినది మళ్ళీ చెవిలో పెట్టుకున్నారు.

మూడేళ్ళలో ఆవిడకంటూ నాకు తెలియని కబురు ఒకటి ఉండటం అదే మొదటిసారి. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ నవ్వు అయ్యేదాకా కుర్చీలో కూర్చున్నాను.